స్నానానికి రాని మేస్త్రీ

కార్చిచ్చు ఆరిన నాటికి చిటికి ఉడుత ఆస్తి మొత్తం పద్నాలుగు తునికి గింజలు.

రాతి నెర్రెలో దాచుకున్నవి కాబట్టి అవైనా మిగిలాయి. చుట్టూ అడవి నల్లటి మోళ్లు, తెల్లటి బూడిద. చిటికి ఇంకా మీసాలు గట్టిపడని కుర్ర ఉడుత. ఏడుద్దామని రాయి మీద కూర్చున్నాడు కానీ, ఏడుపు మధ్యలో లెక్క అడ్డం వచ్చింది. పద్నాలుగు గింజలంటే పద్నాలుగు చెట్లు. చెట్టుకు వంద పళ్లు, పండుకు నాలుగు గింజలు. మూడో తరానికి వచ్చేసరికి కొండ మీద చోటు చాలడం లేదు! కళ్లు తుడుచుకుని గింజలు పాతడానికి లేచాడు.

వైశాఖంలో ఒక మంచి జల్లు పడింది. పద్నాలుగూ మొలిచాయి. చిటికి వాటి చుట్టూ ఒకటే గంతులు. వారం తిరక్కుండానే ఐదు మొలకలు మాయం. ఆకులు లేవు, కాడలు లేవు. మట్టి మీద గొంగళిపురుగులు మాత్రం పెళ్లివారిలా తిరుగుతున్నాయి.

"తాతా, ఇన్ని పురుగులు ఎక్కణ్ణుంచి వచ్చాయి?" అని ఎలుగుబంటిని అడిగాడు.

"ఎక్కణ్ణుంచీ రాలేదురా. ఎప్పుడూ ఉండేవే. తినే పిట్టలే లేవు," అన్నాడు ఎలుగు తాత, కాలిన అరికాలు నాక్కుంటూ.

నిజమే. మంటలకు పిట్టలన్నీ కొండ దాటి అవతలికి పోయాయి. ఇక్కడ మిగిలినవి ఎన్నో వేళ్ల మీద చెప్పొచ్చు. తెల్లారినా అడవికి తెల్లారినట్టు తెలియడం లేదు. చిటికి తన లెక్కలో పిట్టల్ని వేసుకోలేదు. అక్కడే తప్పింది లెక్క.

"అయితే పిట్టల్ని వెనక్కి తేవాలి. ఎలా?" అన్నాడు. ఆ రోజు అందరి నోటా అదే ప్రశ్న.

సాయంత్రం వాగు ఒడ్డున అందరూ కూడారు. అడవిదున్న పెద్దరికం వహించాడు. దున్న మామ కొండంత మనిషి, వెన్నలాంటి మనసు. ఎవరేం చెప్పినా ముందు నమ్ముతాడు, తర్వాత ఆలోచిస్తాడు.

"తలా ఒక చెయ్యి వేద్దాం. పిట్టలు లేని అడవి అడవేనా?" అన్నాడు.

అందరూ వేశారు. ఎలుగు తాత ఎక్కడో మిగిలిన తేనెపట్టు తెచ్చి బండ మీద పెట్టాడు. పంది బావ రెండు పూటలు కష్టపడి, తను పొర్లడానికి ఎలా ఉంటే బాగుంటుందో అలాంటి బురదగుంట తవ్వాడు. దున్న మామ కట్టెడు పచ్చగడ్డి మోసుకొచ్చాడు. తేనె చీమల పాలైంది, గడ్డి ఎండిపోయింది, బురదలో పంది బావే పొర్లాడు. ఒక్క పిట్టా రాలేదు.

"అసలు పిట్టలకు ఏం కావాలో పిట్టల్ని అడిగామా?" అన్నాడు చిటికి.

"అడగడానికి అవి ఉంటే ఇక పిలవడం దేనికిరా!" అని పంది బావ నవ్వాడు. అందరూ నవ్వారు.

నవ్వు ఆగాక నక్క గొంతు సవరించుకున్నాడు. అప్పటిదాకా వెనకాల ఓ రాయికి చేరగిలి, అందరి మొహాలూ చదువుతూ ఉన్నాడు.

"మామా, పిట్టలు రానిది తిండి లేక కాదు. మైల వల్ల. ఇంట్లో చావు జరిగితే ఏం చేస్తాం? ఇల్లు కడుగుతాం, పాత కుండలు పారేస్తాం, తలారా స్నానాలు చేస్తాం. ఆ తర్వాతే చుట్టాలు గడప తొక్కుతారు. మన ఇంట్లో ఎన్ని చావులు జరిగాయి? ఆ కాలిన మోళ్లను ఇంకా ఇంటి నిండా నిలబెట్టుకునే ఉన్నాం. ఏ చుట్టం వస్తుంది?"

ఆ మంటల్లో ఎవరినో ఒకరిని పోగొట్టుకోని వాళ్లు అక్కడ లేరు. దున్న మామ దూడ పోయింది. పెద్ద కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నిజమేరా నక్కా. మనకెందుకు తట్టలేదు?" అన్నాడు. "రేపే మొదలుపెడదాం. మోళ్లు నేను పడగొడతా."

"నాకు నీ అంత బలమేదీ? ఏది పడగొట్టాలో చూపిస్తా. అదైనా నా వంతు," అన్నాడు నక్క, తల వంచుకుని.

అలా నక్క మేస్త్రీ అయ్యాడు.

పని జోరుగా సాగింది. నక్క చెట్టు చూపించేవాడు, దున్న మామ నుదురు ఆనించి తోసేవాడు, కాలిన చెట్టు పెళపెళా కూలేది. పంది బావ వేళ్లు పెకిలించేవాడు, ఎలుగు తాత దుంగ పక్కకు దొర్లించేవాడు. చిటికి కూలిన చెట్ల లెక్క చూసేవాడు. లెక్కంటే వాడికి పండగ.

ఒక్కో చెట్టు పడగానే మేస్త్రీ కేక వేసేవాడు. "మైల ముట్టుకున్నారు! వాగుకు పోయి మునిగి రండి. మైల లేచి ఎవర్నీ పట్టకుండా నేను ఇక్కడ కాపలా ఉంటా."

అందరూ పోయి మునిగి వచ్చేవారు.

చిటికి ఇంకో లెక్క కూడా పెట్టుకున్నాడు. రోజూ తెల్లవారుజామున రాయి మీద కూర్చుని, ఎన్ని రకాల పిట్ట కూతలు వినబడుతున్నాయో వినేవాడు. పని మొదలైన నాడు తొమ్మిది. చెట్లు ముప్పై కూలేసరికి ఆరు. యాభై కూలేసరికి నాలుగు.

"మామా, లెక్క తిరగబడుతోంది," అన్నాడు దున్నతో. "శుభ్రం పెరిగేకొద్దీ పిట్టలు పెరగాలి గదా. తగ్గుతున్నాయేం?"

"పని పూర్తవనీరా. సగం ఊడ్చిన ఇంటికి ఎవరొస్తారు?"

సరే అనుకున్నాడు. కానీ వాడి బుర్ర ఊరుకునే బుర్ర కాదు. ఒక ప్రశ్న దొరికితే దాని తోక పట్టుకుని మరో ప్రశ్న వచ్చేది. మేస్త్రీ మామ చెట్టు చూపించే ముందు మొదలుకు చెవి ఆనిస్తాడేం? చచ్చిన చెట్టు ఏం మాట్లాడుతుంది? కొన్ని మోళ్లను వాసన చూసి వదిలేస్తాడేం? మైల అన్నిటికీ ఒకటే గదా? అన్నిటికన్నా పెద్ద ప్రశ్న, మైల గురించి అందరికీ చెప్పే మేస్త్రీ మామ ఒక్కసారైనా స్నానానికి రాడేం?

ఆ చివరిది నేరుగా అడిగేశాడు.

"కాపలా ఎవరుంటార్రా?" అన్నాడు నక్క.

"మరి మేమంతా చిక్కిపోతున్నాం. నువ్వొక్కడివే నిగనిగలాడుతున్నావేం మామా?"

"బాధ్యతరా అబ్బాయ్, బాధ్యత! నెత్తిన పడితే ఒళ్లు అలా వస్తుంది. నీకూ వయసొస్తే తెలుస్తుంది," అని నక్క వాడి వీపు మీద మూడు గీతలనూ తోకతో ఆప్యాయంగా నిమిరాడు. చిటికి ఓ అడుగు వెనక్కి జరిగాడు.

నక్క పాదయాత్ర కోళ్ల గూడు దాకానే అని చిటికి వాళ్లమ్మ అంటూ ఉండేది.

మర్నాడు పని ఎగ్గొట్టి, మిగిలిన పిట్టల్లో ఎవరినైనా పట్టుకుందామని బయల్దేరాడు. ఎంతోసేపు వెతకనక్కర్లేకపోయింది. కాలిన చెట్టు మీద నుంచి టకటకమని చప్పుడు. ఎర్ర కుచ్చు తలతో వడ్రంగి పిట్ట బెరడు పీకి పారేస్తోంది. అడవిలో ఆమెను అందరూ వడ్రంగత్త అంటారు.

"అత్తా, ఈ మైల చెట్టు మీద నీకేం పని?"

"మైలేమిటిరా నీ మొహం! నీకిది శవం. నాకు నిండు సంత," అంది వడ్రంగత్త, నోట్లో తెల్లటి లద్దెపురుగు ఆడుతుండగా. "చెట్టు కాలితే బెరడు కింద పురుగు చేరుతుంది. నాకు తిండి. కాలిన చెక్క మెత్తబడుతుంది. నాకు ఇల్లు. నేను చెక్కిన ఇంట్లో నేనుండేది ఒక్క ఏడే. మరుసటేడు చిలకమ్మ దిగుతుంది. ఆమె పోతే గోరింక. ఆపైన పైడికంటి గుడ్లగూబ. ఒక్కరి దగ్గరైనా అద్దె అడిగానా? ఈ కొండ మీద సగం కాపురాలు నా ముక్కు చలవ. ఆ సంగతి ఎవరైనా తలుచుకుంటారా? ఊహూఁ!"

"మరి ఈ మాట వాగు దగ్గర చెప్పొచ్చుగా?"

వడ్రంగత్త పని ఆపింది. "నన్నెవరు పిలిచారు? పిట్టల కోసం మీటింగు పెట్టారు. పిట్టను పిలవాలని ఒక్కరికైనా తోచిందా?"

చిటికి తోక ముడుచుకున్నాడు.

"మీ దున్న మామ కూల్చిన వాటిలో నా ఇళ్లు ఎనిమిది. మూడింట్లో పిల్లలున్నాయి."

"పిల్లలా? చెట్టు పడ్డాక మేం చూడలేదే!"

"చూడటానికి మీరక్కడ ఉంటేగా? స్నానం చేసి వచ్చేసరికి అక్కడ ఏముండేది?"

"ఏమీ లేదత్తా. మేస్త్రీ మామ మూతి తుడుచుకుంటూ..."

చిటికి బుర్రలో చెవి ఆనించడం, వాసన చూడడం, కాపలా, నిగనిగ, అన్నీ ఒక్కసారి వరసలో నిలబడి కూడికకు వచ్చాయి.

"రేపు మద్ది చెట్ల వరస కూలుస్తామన్నాడు," అన్నాడు మెల్లగా.

వడ్రంగత్త ముక్కులోని పురుగు కింద పడింది. "మద్ది వరసా? అయ్యో, అందులో కొమ్మయ్య పెళ్లాం ఉందిరా! రా నాతో!"

కొమ్మయ్యంటే కొమ్ముముక్కు పిట్ట. ముక్కు మీద చిన్న కొమ్ములాంటిది ఉంటుంది. ఆ జాతి కాపురం వింతగా ఉంటుంది. ఆడపిట్ట తొర్రలో దూరి, మట్టితో, రెట్టతో వాకిలి తనే మూసేసుకుంటుంది. ముక్కు పట్టేంత సందు మాత్రం వదులుతుంది. గుడ్లు పొదిగినన్నాళ్లూ మగడు ఆ సందులోంచి తిండి అందించాలి. లోపల ఆమె రెక్కల ఈకలు రాలిపోతాయి. కొత్తవి వచ్చేదాకా ఎగరలేదు. పిలిచినా రాలేదు, తరిమినా పోలేదు.

వరసలో మూడో నల్లమద్ది దగ్గరికి వెళ్లేసరికి కొమ్మయ్య సందులోకి మేడిపండు అందిస్తున్నాడు.

"మళ్లీ మేడేనా?" లోపలి నుంచి గొంతు. "మూడు వారాలుగా మేడి. మొహం మొత్తింది. ఒక్క నేరేడు దొరకదూ?"

"కాలిపోయిన అడవిలో నేరేడు ఎక్కడ తేనే?"

"మా అక్క మొగుడు కొండ అవతల నుంచి తెస్తున్నాడట!"

"వదినా," చిటికి అడ్డం వచ్చాడు. "పండు సంగతి తర్వాత." ఉన్నదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాడు.

లోపలి నుంచి సన్నగా చిన్నపిల్లల కిచకిచ.

"విన్నావా అబ్బాయ్?" అంది ఆమె. గొంతులో వెటకారం పోయింది. "నిన్ననే కళ్లు తెరిచాయి. నేను కదల్లేను. వీటిని కదపలేను."

"దున్న దగ్గరికి పోయి చెప్పేస్తా!" కొమ్మయ్య రెక్కలు టపటపలాడించాడు.

"వద్దన్నా. మామ మంచివాడు, అదే చిక్కు," అన్నాడు చిటికి. "నువ్వో మాటంటే నమ్ముతాడు. తర్వాత నక్క మామ ఓ మాటంటే అదీ నమ్ముతాడు. ఆఖరి మాట ఎప్పుడూ నక్కదే అవుతుంది. చెబితే కాదు, కళ్లారా చూడాలి. మేస్త్రీకి ఈ చెట్టేనని తెలుసా?"

"తెలియదు. వరసలో ఏదో ఒక దాంట్లో ఉందని వాసన పట్టాడు. నేనెటు వాలతానో చూడ్డానికి పొదల్లో కూర్చుంటున్నాడు. అందుకే చుట్టూ తిరిగి తిరిగి వస్తున్నా."

చిటికి కళ్లు మెరిశాయి. వరస వెంట చివరిదాకా చూశాడు. ఆ చివర కాలిన ఇప్ప చెట్టు. దాని నడిమికి తల పట్టేంత తొర్ర, తొర్రకు బూడిద రంగు పొర. దూరం నుంచి చూస్తే అచ్చం మట్టితో మూసిన వాకిలి. దగ్గరికి పోతే లోపల కందిరీగల సంసారం. తేనెటీగ కుట్టినా తేనె ఇస్తుంది. కందిరీగకు ఇవ్వడానికి కుట్టడం తప్ప ఇంకేమీ లేదు.

"అన్నా, రేపు పొద్దున పళ్లన్నీ ఆ ఇప్ప మీదికి మొయ్యి. నక్క చూసేట్టు మొయ్యి. పెళ్లాం మీద ప్రేమ పొంగిపోతున్నట్టు మొయ్యి."

"మరి ఇక్కడ దీనికి తిండి?"

"నేనొక పూట ఉపవాసం ఉంటా," అంది లోపలి గొంతు. "ఏకాదశనుకుంటా. నువ్వు పో. ఆ ప్రేమేదో కాస్త నిజంగానే నటించు, నీకు అలవాటు లేదుగా!"

తెల్లారింది. కొమ్మయ్య నోట మేడిపండుతో మద్ది చెట్లన్నీ దాటి ఇప్ప మీద వాలాడు. తొర్ర వైపు వంగి, పండు కింద జారవిడిచి, మళ్లీ ఎగిరాడు. మళ్లీ వచ్చాడు. నాలుగో పండుకు పొదలో నక్క పెదవులు తడుపుకున్నాడు.

"పాపం, పెళ్లామంటే ఎంత ప్రేమో," అనుకున్నాడు. "బాగా మేపాడు. బలిసి ఉంటుంది."

దున్న మామ వచ్చీ రాగానే మేస్త్రీ, "ముందు చివర ఇప్ప చెట్టు మామా! మైలంతా దాంట్లోనే గూడు కట్టింది," అన్నాడు.

దున్న మామ దూరం నుంచి పరుగున వచ్చి ఒక్క తోపు తోశాడు. ఇప్ప కూలింది. బూడిద లేచింది.

"మైల! మైల! పదండి వాగుకు!" నక్క గొంతులో ఈసారి తొందర ఎక్కువైంది. "నిదానంగా మునిగి రండి, రెండేసి మునకలు వెయ్యండి!"

వాగు ఒడ్డుకు చేరాక చిటికి దున్న మామ కొమ్మెక్కి కూర్చున్నాడు. "మామా, ఇవాళ మునిగే ముందు వంద అంకెలు లెక్కపెడదాం."

"నాకు ఇరవై దాకానే వచ్చురా."

"ఇరవై చాలు."

"ఎందుకురా?"

"మేస్త్రీ మామ స్నానానికి వస్తాడో రాడో చూద్దామని."

దున్న మామకు అర్థం కాలేదు. అయినా కుర్రాడి ముచ్చట కాదనలేక మొదలుపెట్టాడు. పదిహేడు అనబోతుండగా అడవి దద్దరిల్లేలా ఒక అరుపు. పొదలు చీల్చుకుంటూ నక్క వచ్చాడు. వెనక నల్లటి మేఘంలా కందిరీగలు. ఎవరినీ చూడకుండా ఎగిరి వాగులో పడ్డాడు, మునిగాడు, లేచాడు, మళ్లీ మునిగాడు.

"మేస్త్రీ! స్నానానికి వచ్చావా!" అన్నాడు ఎలుగు తాత సంబరంగా.

కందిరీగలు చెదిరిపోయాక నక్క తల పైకెత్తాడు. ముక్కు గుమ్మడికాయ, కళ్లు గీతలు.

"మైల కుట్టింది మామా!"

"మైలకు కొండి ఉంటుందా బావా?" అన్నాడు పంది బావ.

దున్న మామ నీళ్లలోకి నాలుగడుగులు వేశాడు. ఆయన ఆలోచన మెల్లగా కదులుతుంది. కానీ ఒకసారి కదిలితే ఆగదు.

"ముక్కు మీదే కుట్టాయేం? తొర్రలో తల పెట్టావా?"

"లోపల... లోపల ఎవరైనా ఉన్నారేమో చూద్దామని..."

"ఎవరైనా ఉండొచ్చని తెలిసే నాతో కూల్పించావా?"

నక్క నోరు తెరిచాడు. అన్నేళ్లలో మొదటిసారి ఆ నోట్లో మాట లేదు.

దున్న మామ వెనక్కి తిరిగి, తను కూల్చిన చెట్ల దగ్గరికి నడిచాడు. ఒక దుంగను కొమ్ముతో తిప్పాడు. తొర్రలో పచ్చటి బుల్లి ఈకలు. ఇంకొకటి తిప్పాడు. గుడ్డు పెంకులు. మూడోది తిప్పలేకపోయాడు.

"నా దూడ పోయిందని ఏడుస్తూ," అన్నాడు, "ఈ తలతోనే ఎందరి పిల్లల్ని..."

దున్న మామ తల నేలకు వాల్చాడు. నక్క ఆ సందులో వాగు అవతలికి ఈది, ఊదిన ముక్కుతో దారి తడుముకుంటూ పోయాడు. ఆ తర్వాత ఆ కొండ మీద ఎవరూ అతన్ని మేస్త్రీ అనలేదు, ఎవరు స్నానానికి పొమ్మన్నా ఎవరూ వెళ్లలేదు.

చాలాసేపటికి దున్న మామ తలెత్తాడు. "ఇప్పుడేం చెయ్యాలిరా చిటికీ?"

"నాకేం తెలుసు మామా? అడుగుదాం," అన్నాడు చిటికి. తోకతో చెట్టు మీద ఉన్న వడ్రంగత్త వైపు చూపించాడు.

అడిగారు. వడ్రంగత్త ముందు పావుగంట తిట్టింది. తర్వాత చెప్పింది. నిలబడి ఉన్న మోడును ఎవరూ ముట్టుకోవద్దంది. తొర్రలున్న దుంగల్ని ఎలుగు తాత, దున్న మామ కలిసి ఎత్తి, బతికిన చెట్ల పంగల్లో ఇరికించారు. "ఎత్తు చాలదు! ఉడుము ఎక్కేస్తుంది! వాకిలి తూర్పుకు తిప్పండి!" అని ఆమె పైనుంచి అరుస్తూనే ఉంది. పంది బావ తన బురదగుంటకు ఒక పక్క వాలుగా తవ్వి, వాగు నీళ్లు మళ్లించాడు. మునిగిపోకుండా అంచున నిలబడి తాగితే చాలట పిట్టలకు! అంత చిన్న సంగతా అని ఆశ్చర్యపోయాడు.

మొదట గోరింకలు వచ్చాయి. తర్వాత ఒక చిలకల జంట, పంగలో దుంగ చుట్టూ మూడు రోజులు తిరిగి, అనుమానం తీరాక దిగింది. చిటికి పొద్దుటి లెక్క నాలుగు నుంచి ఏడుకు ఎక్కింది, ఏడు నుంచి పదకొండుకు. గొంగళిపురుగులకు పెళ్లిళ్లు తగ్గాయి. తునికి మొలకలు ఆరు మిగిలి, మోకాలెత్తు వచ్చాయి.

వానలు పట్టుకున్న నాడు నల్లమద్ది తొర్రలో మట్టి గోడ లోపలి నుంచి పగిలింది. కొమ్మయ్య పెళ్లాం కొత్త రెక్కలతో బయటికొచ్చి, వెలుగుకు కళ్లు చికిలించింది. వెనక తొర్రలోంచి పిల్లలు తొంగిచూశాయి. కింద అందరూ మెడలెత్తి చూస్తున్నారు. ఆమె నేరుగా చిటికి పక్కన వాలింది.

"నేరేడు ఎక్కడుందో చెప్పు. తర్వాత మాట్లాడదాం," అంది.

ఆమె ఎగిరిపోయాక చిటికి చెట్టు కింద నేల చూశాడు. రెట్టల్లో చిన్న చిన్న మొలకలు. మేడి, రావి... ఒకటి మాత్రం తునికి. తను పాతింది కాదు. కొండ అవతలి నుంచి ఎవరి కడుపులోనో ప్రయాణం చేసి వచ్చింది. పాతిన పద్నాలుగులో ఆరు దక్కాయి. పాతకుండా ఇది వచ్చింది. ఒక పిట్ట రోజుకు ఎన్ని గింజలు, ఎంత దూరం మోస్తుంది? ఒక జంట? ఒక గుంపు? లెక్క వేళ్ల మీద సరిపోవడం లేదు.

లేచి బయల్దేరిన వాణ్ణి చూసి ఎలుగు తాత, "ఎటురా మళ్లీ?" అన్నాడు.

"కొండ అవతలికి తాతా. అక్కడి పిట్టల్ని ఒక మాట అడగాలి," అన్నాడు చిటికి, తోక దులుపుకుని, తడి రాయి మీద మొదటి కాలు పెడుతూ.

ఇల్లు కడగబోయే ముందు, ఇంట్లో ఎవరున్నారో చూడు.